సుంకి ఘాటు మీద అడవి కంది

మనం ఏ రాష్ట్రంలో కాపురమున్నా మధ్యాహ్నం విస్తట్లో అన్నం మీద మొదట పడేది పప్పే గదా! బళ్ళారిలోని మనవాళ్ళు అంగడికి వెళ్ళి తొగరిబేళె అని అడుగుతారు. మదురైలో అదే తువరంపరుప్పు. షోలాపురంలో తూర్ డాళ్. మా జయపురంలో హరడ డాలి. అంగట్లో ఏ పేరు పెట్టి అడిగినా, ఇంటికి తెచ్చి డబ్బాలో పోసేసరికి అది కందిపప్పే అయిపోతుంది. ముద్దపప్పు, పప్పుచారు, కందిపచ్చడి, సాలూరు వైపు నుంచి వచ్చిన మావంటి ఇళ్ళలో కందిగుండ. బయట మాట్లాడే భాష మారినా వంటింట్లో ఈ మాటలు మారలేదు.

అటువంటి కందికి ఒక తల్లి ఉన్నది. అది ఎక్కడో పరదేశంలో లేదు. తూర్పు కనుమల మీద, మా కోరాపుట్టు వైపు కొండవాలుల్లోను, బస్తరులో బైలాడిల్లా మీద, విశాఖ మన్యంలోను, రాళ్ళ సందున పొదలాగా పెరుగుతున్నది. దాన్ని చూడడానికి ఈ సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన అయిదో నాడు నేను పొట్టంగి వైపు వెళ్ళివచ్చాను. ఆ సంగతులే మన చదువరులకు మనవి చేస్తున్నాను.

నాకు ఈ విషయం చెప్పినవాడు మా బావమరిది. అతడు హైదరాబాదు పక్కన పటాన్‌చెరువులో ఉన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థలో పొలం పనుల మీద ఉంటాడు. ఆ సంస్థ 1972లో పెట్టినది. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగలతో పాటు కంది కూడా వారి పంట. పోయిన దసరాకు వచ్చినప్పుడు భోజనాల దగ్గర, "బావగారూ! మీరు జయపురంలో కూర్చుని కందిపప్పు కొనుక్కుంటున్నారు. మేము దాని తల్లిని వెతుక్కుంటూ మీ కొండలకు వస్తున్నాం" అన్నాడు. వేళాకోళమనుకుని మా ఇంట్లో అందరూ నవ్వారు. అతడు మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, కాగితం మీద ఆకూ కాయా బొమ్మ గీసి ఇచ్చాడు.

ఆ బొమ్మ నా ఆఫీసు బల్ల అద్దం కింద మూడు నెలలు ఉన్నది. ఒకనాడు టీ తెచ్చిన మా ప్యూను దాన్ని చూసి, "ఇది మా పొలం గట్టున ఉంటుంది బాబూ, మా అమ్మ ఏటా నరికి పోస్తుంది" అన్నాడు. అతడు పరజా కులస్థుడు. ఊరు పొట్టంగి దాటిన తరువాత సుంకి వైపు, రోడ్డు విడిచి కొంత నడిస్తే వస్తుంది. ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే వింత చూడడానికి వెళ్ళేవారు పది మందీ పది కొమ్మలు విరుచుకు వస్తారు. మన సంగతి మనకు తెలియదా!

జయపురం నుంచి సాలూరు పోయే రోడ్డును ఎరగనివారు మా ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో ఉండరు. మా ముత్తాతగారు సాలూరు నుంచి ఎడ్లబండి మీద ఈ ఘాటు ఎక్కే జయపురం సంస్థానంలో లెక్కలు రాసే పనికి వచ్చారు. అప్పటికి ఇదంతా విశాఖపట్నం జిల్లాయే. 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం, కోరాపుట్టు అటు వెళ్ళాయి. సాలూరు, అరకు ఇటు మిగిలాయి. మేము ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రం వాళ్ళమైపోయాం. కొండల వరస మాత్రం ఒకటే.

జయపురం దాటగానే ఒక ఘాటు. 22 కిలోమీటర్లు ఎక్కితే కోరాపుట్టు. అక్కడి నుంచి సునాబెడలో విమానాల ఇంజన్ల కర్మాగారం, తరువాత సెమిలిగుడ, ఆపైన పొట్టంగి. ఎడమకో కుడికో ఎటు చూసినా ఎర్రమట్టి, రాగి కోసిన మళ్ళు, వలిసెపూలు రాలిపోయి నల్లబడిన చేలు. కార్తీకంలో వస్తే ఇవే చేలు పసుపు ఆరబోసినట్లుంటాయి. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు, ఈ దారికి దగ్గరే. పొద్దున్నే మంచు విడవక దాని నెత్తి కనబడలేదు. నడుమ నడుమ కొత్తగా నాటిన నీలగిరి తోటలు, తెల్లటి మోళ్ళు బారులు తీరి నిలబడి ఉన్నాయి. వాటి సంగతి తరువాత వస్తుంది.

ప్యూను నాకోసం రోడ్డు మీద కాచుకుని ఉన్నాడు. వాళ్ళకు పుష్ పరబ్ రోజులు. ఊరంతా కొత్తగా అలికి ఉన్నది. ఇంటికి వెళ్ళగానే పెద్ద కంచు గిన్నెలో రాగి అంబలి ఇచ్చారు, వారి మాటలో మాండియా పేజ్. అతని తల్లి కళ్ళంలో కూర్చుని ఎండిన కందికట్టెలు కర్రతో కొడుతున్నది. డెబ్భై ఏళ్ళుంటాయి. నేను మావుసీ అని పిలిచాను. ఆమె దేశియాలో మాట్లాడింది. ఒడియా వచ్చినవాడికి ఆ భాష సగం పైగా తెలుస్తుంది, మిగతాది కొడుకు చెప్పాడు. ఇక్కడ అంతా తెలుగు చేసి రాస్తున్నాను.

కళ్ళంలో ఉన్నది నాటు కంది. రాగిలోనూ సామలోనూ కలిపి చల్లుతారు. తొలకరికి వేసినది రాగి కోసిన తరువాత ఒంటరిగా నిలబడి, పుష్యంలో కోతకు వస్తుంది. కందిని వాళ్ళు కాందుల్ అంటారు. మన మాట వాళ్ళు తీసుకున్నారో, వాళ్ళ మాట మనం తీసుకున్నామో తేల్చడం భాషాపండితుల పని. కొత్త కంది తినడానికి కూడా కొండల్లో ఒక మర్యాద ఉన్నది. పార్వతీపురం, సీతంపేట మన్యంలో సవరలు, జాతాపులు కందికొత్తల పండుగ చేసి, దేవతకు పెట్టిన తరువాతే కొత్త కంది నోట పెడతారు. మనకు కిరాణా కొట్టువాడు పొట్లం కట్టి ఇచ్చేది వాళ్ళకు ఏడాదికొకసారి వచ్చే అతిథి.

పొలం గట్టు దాటి, కొంచెం పైకి, నల్లని బండలున్న చోటికి తీసుకెళ్ళారు. "అదిగో" అన్నాడు ప్యూను. మొదటి చూపుకు కందిచెట్టే! మూడేసి ఆకులు అలాగే, ఆకు మీద ఆ బూడిద రంగు నూగు అలాగే, నలిపితే ఆ వాసనే. మనిషెత్తు లేదు, భుజానికి వస్తుంది. నాలుగైదు కొమ్మల చివర ఇంకా పసుపు పూలు ఉన్నాయి. పక్కన చేలో మిగిలిన నాటు కంది మొక్క ఒకటి ఉంటే రెంటినీ జోడించి చూశాను. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లనూ తల్లినీ ఒక గుమ్మంలో నిలబెట్టినట్లున్నది.

తేడా అంతా కాయలో ఉన్నది. అడవి కంది కాయ పొట్టి, నాటు కాయలో సగం. రంగు నల్లబారి, ఒంటినిండా నూగు. నేను వేలితో తాకానో లేదో టప్పున పగిలింది. రెండు డిప్పలూ మెలి తిరిగి జడపాయల్లా చుట్టుకున్నాయి, గింజలు ఎటో ఎగిరిపోయాయి. ఎండ ఎక్కుతున్న కొద్దీ చుట్టుపక్కల అలా టపటపమని చప్పుళ్ళు. జొన్నపేలాలు వేగుతున్నట్లు వినబడింది. అడవిలో బ్రతికే మొక్కకు గింజలు దూరంగా విసిరివేయడమే సంసారం. మనిషికి అది పనికిరాదు. కాయ పగలకుండా చెట్టునే అంటిపెట్టుకుని ఉన్నవాటినే కోసి, దాచి, మళ్ళీ చల్లి, అలా వేల సంవత్సరాలు ఏరుకోగా ఏరుకోగా మన కంది అయినది. అందుకే ఈ మావుసీ ఇప్పుడు కర్రపుచ్చుకుని కొట్టవలసి వస్తున్నది.

ఒక్క కాయను గుప్పెట్లో మూసిపట్టి గింజలు తీశాను. చిన్నవి, నల్లటి బూడిదరంగు మచ్చలతో ఉన్నాయి. గింజ ముక్కు దగ్గర తెల్లని మైనపు తునక అంటించినట్లు చిన్న ఉబ్బు. మన కందిగింజకు అది కనబడదు. మా బావమరిది బొమ్మలో దానికే బాణం గుర్తు పెట్టి, ఇది ఉంటేనే నమ్మండి అని రాశాడు. ఉన్నది.

ఈ మొక్కకు శాస్త్రంలో పేరు పెట్టినవాడు హెయిన్స్ అనే ఆంగ్ల అటవీ అధికారి. బీహారు, ఒరిస్సా మొక్కల మీద గ్రంథం రాసిన మనిషి. సుమారు 1920లో ఆయన దీన్ని కందికుటుంబంలో వేరొక శాఖ కింద చేర్చి, కంది ఆకులు కలది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆకుల పోలిక ఆయన కంటికీ ఆనిందన్నమాట. అప్పట్లో పండితులలో కొందరు కంది పుట్టినిల్లు ఆఫ్రికా అనేవారు. ఈజిప్టులోని ఒక పాత సమాధిలో ఒక్క కందిగింజ దొరకడం అందుకొక ఆధారం. పటాన్‌చెరువులో పనిచేసిన వాన్ డెర్ మేసన్ అనే డచ్చి శాస్త్రవేత్త కంది చుట్టాలన్నిటినీ దేశాలు తిరిగి పోగుచేసి, ఆఫ్రికాలో ఉన్న అడవి చుట్టం ఒక్కటే, మన దేశంలో ఉన్నవి పదిహేడు దాకా అని లెక్క తేల్చాడు. 1986లో ఈ అడవి చుట్టాలను కూడా కంది ఇంటిపేరులోనే కలిపేశాడు. కజానస్ కజానిఫోలియస్ అని ఇప్పుడు దీని పూర్తి పేరు. కంది, అడవి కంది రెంటికీ క్రోమోజోములు పదకొండేసి జతలే. రెంటినీ కలిపితే గింజ పడుతుంది, ఆ గింజ మొలుస్తుంది, ఆ మొక్క కాస్తుంది. తరువాత జన్యువులు చదివి చూసినవారు కూడా, చుట్టాలందరిలో కందికి అతి దగ్గరది ఇదే అన్నారు.

తవ్వకాల సాక్ష్యమూ ఇటే ఉన్నది. ఒడిశాలో ఖుర్దా జిల్లా గోల్‌బాయి శాసన్ దగ్గర కొత్తరాతియుగపు దిబ్బ తవ్వితే మాడిన కందిగింజలు దొరికాయి. అవి మూడు వేల ఏళ్ళకు పైబడినవి. బళ్ళారి పక్కన సంగనకల్లులోనూ దొరికాయి. బళ్ళారి సోదరులు తమ ఊరి బూడిదదిబ్బల వైపు షికారు వెళ్ళినప్పుడు, అక్కడి జనం పప్పు ఎరుగుదురని జ్ఞాపకముంచుకోవచ్చు. కర్ణాటక, మహారాష్ట్రలోని మనవారికి మరొక మాట. సహ్యాద్రి కొండల మీద కందికి వేరే చుట్టాలున్నాయి, సెరిసియస్ అని ఒకటి, లినియేటస్ అని ఒకటి. అవి కొంచెం దూరపు వరస. తల్లి వరస మాత్రం మా కొండలదే. ఈ గొప్ప మమ్మల్ని చెప్పుకోనివ్వండి.

నేను ఈ సంతోషంలో ఉండగా మావుసీ కొడవలి తీసుకుని వచ్చింది. గట్టు పక్కగా ఉన్న రెండు అడవి కంది పొదలను మొదలంటా కోసి అవతల పారేసింది. నాకు ప్రాణం చివుక్కుమన్నది. ఎందుకు కోశావు మావుసీ అని అడిగాను.

ఆమెకు కోపం రాలేదు. చేటలో ఉన్న కందులు తెచ్చి నా ముందు పరచింది. ఎర్రటి గింజల మధ్య అక్కడక్కడ చిన్న నల్లగింజలు. "ఇవి ఎక్కడివనుకున్నావు? ఆ దొంగ పొద కాయ పగిలి నా చేలో పడుతుంది. మరు సంవత్సరం నా కందితో పాటే మొలుస్తుంది. ఆకు చూస్తే తేడా తెలియదు, కలుపు తీసేవేళ ఎలా పీకను? కాయ వచ్చాక తెలుస్తుంది, అప్పటికి సగం పగిలిపోయి ఉంటుంది. సంతకు తీసుకుపోతే షావుకారు నల్లగింజ చూపించి కుంచానికి ఇంత అని కోసుకుంటాడు" అన్నది.

ఆమె చెప్పినది అక్షరాలా నిజం. కంది పువ్వు తనలో తాను ఫలించేదే అయినా, తేనెటీగలు ఒక చెట్టు పుప్పొడి మరొక చెట్టుకు మోస్తాయి. సగటున నూటికి ఇరవై గింజలు అలా పొరుగు పుప్పొడితో పడతాయని శాస్త్రజ్ఞుల లెక్క. కాబట్టి పక్కన అడవి కంది ఉంటే రాలిన గింజతోనే బాధ తీరదు, సొంత విత్తనం కూడా కొంచెం కొంచెంగా అడవిపోలిక పడుతుంది. మనం ఊళ్ళో కూర్చుని, అడవి మొక్కలను రక్షించవలెనని తీర్మానాలు చేస్తాం. దాని పక్కన బ్రతికేవారికి అది కలుపు. కోసినందుకు ఆమెను తప్పుపట్టే హక్కు నాకున్నదని నాకు తోచలేదు.

అయినా ఊరుకోలేక, బావమరిది చెప్పిన కథ ఆమెకు చెప్పాను. అది మన చదువరులకు కూడా చెప్పాలి.

వరిలో, జొన్నలో, పత్తిలో సంకర విత్తనాలు వచ్చి దిగుబడి పెరిగింది. కందికి చాలాకాలం ఆ అదృష్టం పట్టలేదు. మన దేశంలో హెక్టారుకు ఏడెనిమిది వందల కిలోల దగ్గర అది ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్నది. తినేవారు పెరిగారు. బర్మా నుంచీ ఆఫ్రికాలోని మొజాంబిక్ నుంచీ కందులు ఓడల్లో దిగుతున్నాయి. 2015 అక్టోబరులో కిలో పప్పు రెండువందలు దాటినప్పుడు మా వీధిలో పప్పుచారు ఎంత పల్చబడినదో ఎవరూ మరచిపోలేదు.

సంకర విత్తనం చేయాలంటే ఆడచెట్టు కావాలి, అనగా పుప్పొడి లేని చెట్టు. కంది పువ్వులో రెండూ ఉంటాయి. ఒక్కొక్క పువ్వూ విప్పి పుప్పొడి తీసివేయడం పొలాల మీద జరిగే పని కాదు. 1991లో ఒక సంకర కంది విడుదలయింది. పప్పుధాన్యాలలో ప్రపంచంలోకెల్లా మొదటి సంకరం అదే. కాని దాని విత్తనం చేసేటప్పుడు సగం మొక్కలకు పుప్పొడి ఉంటుంది, వాటిని మనుషులు ఒక్కొక్కటే చూసి పీకివేయాలి. ఖర్చుకు తట్టుకోలేక అది ఆగిపోయింది. తరువాత కె. బి. సక్సేనా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు, ఈ అడవి కందిని తల్లిగా పెట్టి, మన కంది పుప్పొడి దాని మీద వేశారు. పుట్టిన సంతానంలో పుప్పొడి లేనివి దొరికాయి. జీవకణంలో కొంత భాగం తల్లి వైపు నుంచే వస్తుందట, తండ్రి వాటా అందులో ఏమీ లేదు. ఆ అడవితల్లి కణానికీ, మన కంది జన్యువుకూ పొత్తు కుదరక పుప్పొడి నిలిచిపోయింది. వారికి కావలసినదీ అదే. 2005లో ఈ సంగతి ప్రకటించారు. ఆ తల్లివరస మీద చేసిన సంకర కంది 2010లో మధ్యప్రదేశంలో విడుదలయింది. 2014లో ఒడిశాకు ఒకటి ఇచ్చి పార్వతి అని పేరు పెట్టారు. కొండ కూతురి పేరు. పెట్టినవారు ఎవరో గాని రసికులు! 2015లో తెలంగాణలో విడుదలైన దాని పేరు మన్నెంకొండ కంది. రైతుల చేలల్లోనే పోటీ పెట్టి చూస్తే, మామూలు రకాల కంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ కాసిందని లెక్కలు వచ్చాయి.

"అంటే, నేను కోసిపారేసిన దాని పిల్లా?" అన్నది మావుసీ.

అవునన్నాను.

"ఆ పార్వతి గింజ నాలుగు కుంచాలు తెచ్చిపెట్టు. వేసి చూస్తాను."

తెచ్చినా ఒక్క పంటకే పనికివస్తుందనీ, కాసిన గింజ దాచి మరు సంవత్సరం వేస్తే ఆ గుణం నిలవదనీ, ఏటా కొత్త విత్తనం కొనవలసిందేననీ చెప్పాను. విత్తనం తయారీకి శ్రమ జాస్తి కనుక ప్రతి అంగట్లోనూ దొరికేది కూడా కాదు. ఆమె చేట విసరడం ఆపి నా ముఖంలోకి చూసింది. "ఇంట్లో దాచుకోలేనిది విత్తనమెలా అవుతుంది బాబూ? అది బజారు సరుకు" అని మళ్ళీ చేట అందుకున్నది. ఆమె కంది ఆమె అత్తగారి చేతి నుంచి వచ్చినది. చిలుకు గుమ్మడిబుర్రలో బూడిద కలిపి పోసి, చూరుకు కట్టి ఉంచింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ప్రాంతపు వరికి పేరు వచ్చింది. జయపురం చుట్టుపక్కల వరిరకాల గురించి పుస్తకాలున్నాయి. 2012లో కోరాపుట్టు సంప్రదాయ వ్యవసాయానికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ గుర్తింపు వచ్చింది. నాటు వరి విత్తనాలు కాపాడిన కమలా పూజారి గారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు; ఆమె 2024లో కాలధర్మం చెందారు. కంది విషయంలో బయట ఊళ్ళ పేర్లే వినబడతాయి. గుల్బర్గా కందిపప్పుకు 2019లో, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రావలసినదే, ఆ నల్లరేగడి పప్పు రుచి వేరు. తల్లి ఉన్న కొండకు మాత్రం ఒక బోర్డయినా లేదు. బోర్డు పెడితే మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి.

మధ్యాహ్నం ఆ బండల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. కింద మట్టి పసుపూ కుంకుమా కలిపినట్లు ఎర్రగా ఉన్నది, అంతా ఇనుము. అటువంటి నేలలో భాస్వరం ఇనుమును పట్టుకుని విడవదు, చాలా పంటలకు అందదు. కంది వేరు ఒక ఆమ్లాన్ని వదిలి ఆ ఇనుము పట్టు సడలించి, భాస్వరాన్ని లాక్కుంటుందని 1990లో పటాన్‌చెరువులో పనిచేస్తున్న జపాను శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఈ కొండల్లో దుబ్బెరువు వేయని చేలల్లో కూడా కంది ఎందుకు పండుతున్నదో దానితో కొంత బోధపడుతుంది. జపానువారికి మన ఇనుముతో మరొక బంధుత్వం కూడా ఉన్నది. కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్టు, జయపురం మీదుగా కిరండూలు దాకా, 58 సొరంగాలతో, మాకు రైలు వచ్చినది బైలాడిల్లా ఇనుపరాయిని వారి దేశానికి పంపడానికే. బైలాడిల్లా అంటే ఎద్దు మూపురం. ఆ మూపురాన్ని 1968 నుంచి తవ్వుతున్నారు. అడవి కంది ఉన్న కొండలలో అదొకటి.

తవ్వకం లేని చోట దీనికి వేరే గండాలు. పోడుకు పెట్టిన నిప్పు, మేకలు, రోడ్డు వెడల్పు. ఇప్పుడు కొత్తది నీలగిరి. ప్యూను రెండేళ్ళ నుంచి ఆ ఆలోచనలోనే ఉన్నాడు. కాగితపు మిల్లులకు కర్ర కావాలి. మొక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. కంది వేస్తే పురుగు, ఎండుతెగులు, షావుకారు; నీలగిరి వేస్తే నాలుగైదేళ్ళు దానివైపు చూడనక్కరలేదు, నరికిన రోజున ఒక్కసారి డబ్బు వస్తుంది. గట్టు నుంచి ఈ బండల దాకా ఉన్న వాలంతా నాటుతానని చెప్పాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది కోరాపుట్టులో కాలేజీలో చేరాలి. నెల జీతం ఎంతో నాకు తెలుసును, బిల్లు రాసేది నేనే. కాదని నేనేం చెప్పగలను? బండల చుట్టూ ఒక్క పది బారల మేర వదిలిపెట్టమని మాత్రం అడిగాను. గట్టుకు దూరం గనుక ఆ పొదల గింజ చేలో పడదు గదా అన్నాను. అతడు తల్లి వైపు చూశాడు. ఆమె, "అక్కడ ఏది ఉంటే నాకేమి, నా గట్టు మీదకు రాకపోతే చాలు" అన్నది.

పటాన్‌చెరువు గిడ్డంగిలో కంది నమూనాలు పదమూడు వేలకు పైగా చలిగదిలో భద్రంగా ఉన్నాయి. అడవి చుట్టాలవి అయిదు వందల పైచిలుకు. అక్కడ ఉంటే చాలదా అని మీరు అడగవచ్చు. నేనూ బావమరిదిని అడిగాను. చలిగదిలో గింజ నిద్రపోతుందనీ, తీసుకువెళ్ళిన నాటికి ఎలా ఉన్నదో అలాగే ఉంటుందనీ అన్నాడు. కొండ మీద ఉన్నది ఏటా కొత్త పురుగుతో, కొత్త తెగులుతో, తప్పిన వానతో పోట్లాడి మిగులుతున్నది. సాగులో ఏరి ఏరి ఉంచుకున్న మన కందిలో వైవిధ్యం బాగా తరిగిపోయింది. రేపు ఏదైనా కొత్త తెగులు వస్తే మందు వెతుక్కోవలసినది ఈ బండల మధ్యనే.

మూడు గంటలకు బయలుదేరాను. మావుసీ కొత్త కందులు రెండు మానికలు గుడ్డలో కట్టి ఇచ్చింది. నల్లగింజలు ఏరి మరీ ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. ఇంటికి వచ్చి వండితే పప్పు ఉడకడానికి బజారు పప్పు కంటే ఎక్కువసేపు పట్టింది. మా అమ్మ మాత్రం చిన్నప్పటి వాసన వచ్చిందని ఇంకోసారి వడ్డించుకున్నది.

మొన్న శివరాత్రి ముందు ప్యూను సెలవు నుంచి తిరిగి వచ్చి చెప్పాడు. నీలగిరికి గుంతలు తవ్వడం అయిపోయిందట, తొలకరికి మొక్కలు వస్తాయి. బండల దగ్గర ఎంత వదిలావని అడిగాను. పది బారలు లేదు బాబూ, ఆరు ఉంటుంది అన్నాడు. అంతకు పైన గునపం దిగలేదట.

చూడదలచినవారు పుష్యమాసం చివరనో మాఘంలోనో ఆ ఘాటు రోడ్డున ప్రయాణం పెట్టుకోండి. బస్సు కిటికీలోంచి కనబడదు, దిగి నడవాలి. బండల సందుల్లో కందిలా ఉండి కందికాని పొద కనబడితే కాయను తాకి చూడండి. ఫాల్గుణం వస్తే కాయలన్నీ పగిలిపోయి ఉంటాయి. అప్పుడది కందికట్టెకూ దానికీ తేడా తెలియని ఎండు పుల్ల.